మొదటి ఎయిర్ గన్ కొనే ముందు: రైఫిలా పిస్టలా, స్ప్రింగా సిలిండరా

“మాస్టారూ, టెక్సాస్‌లో మా మావయ్య గేరేజీలో ఒక బల్ల పెట్టుకున్నాడు. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, మళ్ళీ మందు నింపి తూటాలు చేసుకుంటాడు. అలాంటి సెట్టు మనకు ఎంతలో వస్తుంది?” పోయిన దసరా సెలవుల్లో ప్లస్ టూ చదివే కుర్రాడు అడిగిన మాట ఇది. పక్కనే వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు. ఈ మాట అడగడానికే ఇద్దరూ గుణుపురం నుంచి ఒడిశాలోని రాయగడకి, పిల్లలకు గురి నేర్పే నా దగ్గరికి వచ్చారు. అందుకే కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. అప్పుడు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లాల్లో ఇదే ప్రశ్న ఇంకా చాలామంది పిల్లల్లో ఉంది.

అమెరికాలో చాలాచోట్ల ఆ పనికి చట్టం ఒప్పుకుంటుంది. ఇక్కడ ఒప్పుకోదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడమే నేరం. ఇంట్లో తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు చేసుకునే హక్కు రాదు. 2019లో చట్టం సవరించాక ఈ నేరానికి కనీసం ఏడేళ్ళ జైలు, పైన యావజ్జీవం దాకా ఉంది. పైగా మనం ఉండేది మావోయిస్టుల అలజడి చూసిన రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో. ఇంట్లో మందు డబ్బా దొరికితే సరదాకి పెట్టుకున్నాం అంటే ఎవరూ వినరు. కాబట్టి ఆ బల్ల సంగతి అక్కడితో వదిలేయండి.

కానీ కాసేపు మాట్లాడితే ఆ కుర్రాడికి కావలసింది తూటా కాదని తెలిసింది. వాడికి గురి ఇష్టం. తన చేత్తో తూచి, ఏరి, కాల్చి, తేడా కళ్ళారా చూసుకోవడం ఇష్టం. ఆ ఇష్టానికి పది మీటర్ల పొడవున్న వరండా, మందు లేకుండా గాలి ఒత్తిడితోనే కాల్చే ఒక 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ గన్, ఒక డబ్బా పెల్లెట్లు, అంటే చిన్న సీసపు గుళ్ళు, చాలు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, గొట్టం నుంచి బయటికొచ్చే శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉంటే ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. దుకాణంలో గుర్తింపు కార్డు చూపించాలి. పిల్లల కోసమైనా పెద్దవాళ్ళ పేరు మీదే కొనండి. బిల్లు జాగ్రత్త చేయండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

పది మీటర్ల ఆట ఎలాంటిదో ముందు మనసుకు పట్టాలి. రైఫిల్ టార్గెట్ కార్డు మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. పెన్సిల్ మొన ఆనించి తీస్తే పడేంత గుర్తు. పిస్టల్‌కైతే పది వలయం 11.5 మిల్లీమీటర్లు. పోటీలో అరవై సార్లు కాల్చాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచింది ఈ రైఫిల్ ఆటలోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చిందీ ఇందులోనే. 2024లో పారిస్‌లో మనూ భాకర్ పిస్టల్‌తో కాంస్యం తెచ్చింది.

రైఫిలా, పిస్టలా

తల్లిదండ్రులు ఎక్కువమంది రైఫిలే అడుగుతారు, చూడ్డానికి తుపాకిలా ఉంటుంది కాబట్టి. నేను మాత్రం మన ప్రాంతంలో, మామూలు సంపాదన ఉన్న ఇంటికి పిస్టలే ముందు చెబుతాను. కారణం చెబుతాను, విని మీరే తేల్చుకోండి.

రైఫిల్ మొదటి నెలల్లో పిల్లవాణ్ణి సంతోషపెడుతుంది. భుజానికి ఆనుతుంది, చెంప ఆనుతుంది, రెండు చేతులూ పట్టుకుంటాయి. స్టాండు మీద పెట్టి నేర్పితే రెండు వారాల్లోనే నల్లటి వృత్తంలో వరసగా పడతాయి. ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. నిలబడి కాల్చే దశ వచ్చేసరికి గట్టి కాన్వాస్ జాకెట్టు, ప్యాంటు, బల్లపరుపు అడుగు ఉన్న బూట్లు, చేతి తొడుగు అన్నీ కావాలి. నడుముకి ఆ బిగువు లేకపోతే నాలుగు, అయిదు కిలోల బరువు రోజూ మోస్తున్న పిల్లల వెన్ను నొప్పి పెడుతుంది. మే నెలలో రాయగడ ఎండకి రేకుల షెడ్డులో ఆ జాకెట్టు తొడుక్కుని గంటంబావు నిలబడటం ఎలా ఉంటుందో మన పిల్లలకు తెలుసు. ఎదిగే వయసులో జాకెట్టు రెండేళ్ళకే బిగుతవుతుంది, మళ్ళీ కొనాలి.

పిస్టల్‌కి ఆ బట్టలేవీ అక్కర్లేదు. మామూలు చొక్కా, చదునైన బూట్లు, ఒక కన్ను కప్పే చిన్న తెర చాలు. పోటీ నియమం ప్రకారం పిస్టల్ బరువు కిలోన్నర దాటకూడదు, ట్రిగర్ కనీసం 500 గ్రాముల బరువు మోయాలి. కానీ ఆ కిలో చిల్లర బరువుని ఒక్క చేత్తో, మోచెయ్యి వంచకుండా చాచి పట్టాలి. మొదటి రెండు, మూడు నెలలు పెల్లెట్లు కార్డు అంతటా చెల్లాచెదురుగా పడతాయి. రైఫిల్ పట్టిన పక్కవాడు తొమ్మిదులు కొడుతుంటే పిస్టల్ పట్టిన పిల్ల ఆరు కొడుతుంది, కళ్ళలో నీళ్ళు వస్తాయి. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఓపిక పట్టాలి. పట్టగలం అనుకుంటేనే పిస్టల్ కొనండి.

పర్లాకిమిడి నుంచి వచ్చే ఒక అమ్మాయి రెండు నెలలు ఎడమ వైపు కిందకే కొట్టేది. చెయ్యి వణుకుతోందని అందరం అనుకున్నాం. ఒకరోజు పిస్టల్ తీసుకుని చూస్తే, పిడి పెద్దవాళ్ళ కొలతది. ఆమె చూపుడు వేలు ట్రిగర్‌ని అందుకోవడానికి సాగుతోంది, దాంతో అరచెయ్యి పక్కకి తిరుగుతోంది. చిన్న కొలత పిడి తెప్పించి, బొటనవేలి దగ్గర ఆనేచోట కొంచెం చెక్క గీకి సరిచేశాం. వేలి మొదటి గీటుకి కాస్త ముందున్న మెత్తటి భాగం సూటిగా ట్రిగర్ మీదకి వచ్చింది. ఆ వారంలోనే పెల్లెట్లు పడే గుంపు కార్డు మధ్యకి వచ్చేసింది. పిస్టల్ కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా ముందు పిడి కొలత అడగండి. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి పిడి విడిగా వస్తుంది, కుడిచేతిది ఇచ్చి సర్దుకోమనకండి.

రెండు అరచేతులూ ముందుకు చాచి, మధ్యలో చిన్న సందు పెట్టి, అందులోంచి గోడ గడియారం చూడమనండి. ఒక్కో కన్నూ మూయమంటే ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే గురి కన్ను. కుడిచెయ్యి, ఎడమ కన్ను అయిన పిల్లలకు రైఫిల్ కష్టం. పిస్టల్ అయితే తల కొద్దిగా తిప్పి సర్దుకోవచ్చు.

స్ప్రింగు, ఒక దెబ్బ గాలి, సిలిండరు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. గాలిని ఎలా తయారు చేస్తుంది అన్నదాన్ని బట్టి మూడు రకాలు. మన ఊళ్ళలో ఏది నాలుగేళ్ళు ఆగకుండా నడుస్తుంది అన్నదే నా లెక్క. ఎందుకంటే రిపేరు చేసేవాడు రాయగడలో లేడు, బరంపురంలో దొరికితే అదృష్టం, లేకపోతే భువనేశ్వరో హైదరాబాదో పంపాలి.

గొట్టాన్ని కిందకి మడిచి బిగించే స్ప్రింగు రైఫిల్ అన్నిటికన్నా చవక. మన దేశంలో తయారైనవి పది, ఇరవై వేల మధ్యలో మంచివే వస్తున్నాయి, ప్రెసిహోల్ లాంటి కంపెనీలు ఉన్నాయి. స్కూలు పోటీల్లో ఓపెన్ సైట్, అంటే తుపాకి మీది మామూలు గాడి, ముల్లు చూసి గురిపెట్టే విభాగం విడిగా ఉంటుంది కాబట్టి దీనితోనే మొదటి పోటీ కూడా ఆడొచ్చు. దీనికి బయటి గాలి, పంపు, కరెంటు ఏదీ వద్దు. కష్టం ఏమిటంటే, ట్రిగర్ నొక్కాక పెల్లెట్ గొట్టం దాటేలోపే లోపలి పిస్టన్ ముందుకి గుద్దుతుంది, తుపాకి వెనక్కీ ముందుకీ కదులుతుంది. గట్టిగా బిగించి పట్టినకొద్దీ గురి చెదురుతుంది. అరచేతిలో పిచ్చుక గుడ్డు పెట్టుకున్నట్టు వదులుగా పట్టుకోవాలి. పెల్లెట్ పెట్టకుండా ఉత్తినే కాల్చకూడదు, పిస్టన్ సీలు దెబ్బతింటుంది. ఇంకో మాట. గొట్టం బిగుసుకుందని కొబ్బరినూనో కుట్టుమిషన్ ఆయిలో గాలి రంధ్రంలో పోసేవాళ్ళున్నారు. లోపల గాలి నొక్కుడికి వేడెక్కి ఆ నూనె అంటుకుంటుంది. టప్పుమని పెద్ద శబ్దం, పొగ, తర్వాత స్ప్రింగు విరిగిపోవడం. ఆ పొరపాటు చేయకండి.

రెండోది, ఒక్కసారి మీట లాగి మూస్తే ఒక షాట్‌కి సరిపడా గాలి నొక్కుకునే రకం. దాన్నే సింగిల్ స్ట్రోక్ అంటారు. దీన్ని దుకాణాల్లో ఎక్కువగా చూపించరు, అడిగి చూడాలి. లోపల గుద్దే పిస్టన్ లేదు కాబట్టి కుదుపు దాదాపు లేదు. సిలిండరు లేదు, గడువు లేదు, పంపు లేదు. ప్రతి షాట్‌కీ మీట లాగాలి కాబట్టి పదేళ్ళ పిల్లలకు బరువే, పదమూడు దాటినవాళ్ళకు సాధ్యమే. పిస్టల్‌లో మొదలుపెట్టేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఇదే. సీలు ఒక్కటి మార్చుకుంటూ పోతే ఏళ్ళ తరబడి నడుస్తుంది.

మూడోది, ముందే గాలి నింపిన సిలిండరు ఉండే పీసీపీ. పెద్ద పోటీల్లో అందరి చేతిలోనూ ఇదే. ఫైన్‌వెర్క్‌బావు, వాల్తర్, స్టెయర్ లాంటి విదేశీ కంపెనీల రైఫిల్ రెండు లక్షలు దాటుతుంది. కుదుపు లేదు, ట్రిగర్ వెన్నలా ఉంటుంది, గాలి ఖర్చు కాకుండా ఉత్తి ట్రిగర్ సాధన చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. అంత మంచిదే అయినా మొదటి తుపాకిగా మన ఊరికి ఇది వద్దంటాను, గాలి కోసమే.

సిలిండరులో 200 బార్ ఒత్తిడి కావాలి. టైర్ల దుకాణం కంప్రెసరు ఇచ్చేది పదో పన్నెండో. కాబట్టి అక్కడ నిండదు. చేతి పంపుతో నింపాలి, లేదా నగరం నుంచి పెద్ద సిలిండరు నింపించి తేవాలి. చేతి పంపుతో వరసగా కొడితే పంపు వేడెక్కుతుంది. వానాకాలంలో మన గాలిలోని తేమ అంతా లోపలికి పోయి నీరై నిలుస్తుంది, లోపలి నుంచే తుప్పు పడుతుంది. కాసేపు కొట్టి, పంపు చల్లారాక, కింద మర తిప్పి నీరు వదిలి, మళ్ళీ కొట్టాలి. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో ఇంకా జాగ్రత్త కావాలి.

వెల్డింగు షాపులో ఆక్సిజన్ సిలిండరు ఉంటుంది కదా, అది నింపుకోవచ్చా అని నన్ను ముగ్గురు అడిగారు. ప్రాణం మీదకి వస్తుంది. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి సీలు దగ్గరున్న కాస్త గ్రీజు తగిలితే పేలుతుంది. శుభ్రమైన మామూలు గాలి తప్ప ఇంకేదీ పోయకూడదు. పిల్లలకు ఇది బట్టీ పట్టించండి.

ఇక సెకండ్ హ్యాండ్ సంగతి, నా డబ్బుతో నేర్చుకున్నది. అయిదేళ్ళ కిందట మా దగ్గర నేర్చుకునే ఒక పిల్ల కోసం నగరంలో ఒక అమ్మకందారు దగ్గర వాడిన పీసీపీ పిస్టల్ తీసుకున్నాను. మెరుస్తూ ఉంది, ట్రిగర్ బాగుంది, ధర సగం. రైల్లో రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. ఇంటికొచ్చి సిలిండరు మర విప్పి దీపం కింద చూస్తే, చిన్న అక్షరాల్లో చెక్కిన నెల, సంవత్సరం కనిపించాయి. తయారై పదకొండేళ్ళు అయిపోయింది. పోటీ నియమాల ప్రకారం సిలిండరు గడువు తయారైన తేదీ నుంచి గరిష్ఠంగా పదేళ్ళు. గడువు దాటినదానితో పోటీకి రానివ్వరు. కొత్త సిలిండరు తెప్పించేసరికి ఆదా అనుకున్నదంతా పోయింది, పిల్ల ఒక సీజన్ ఆడలేకపోయింది. అమ్మినతను ఫోను ఎత్తలేదు. ఆ తేదీ దుకాణంలోనే చదవండి, ఫోనులో ఫోటో తీయండి, బిల్లు మీద రాయించండి.

ఎవరికి ఏది అంటే: స్కూలు పోటీ ఆడించి చూద్దాం అనుకునే ఇంటికి దేశీ స్ప్రింగు రైఫిల్. పిల్లకు పదమూడు దాటి, పిస్టల్ మీద మనసుంటే సింగిల్ స్ట్రోక్ పిస్టల్. ఒక ఏడాది వారానికి మూడు రోజులు మానకుండా కాల్చి, రాష్ట్ర పోటీ స్కోరు దగ్గరికి వచ్చాక పీసీపీ. అంతకుముందు కాదు.

పెల్లెట్ల దగ్గర పిసినారితనం వద్దు

తుపాకి మీద యాభై వేలు పెట్టి పెల్లెట్ల మీద వంద రూపాయలు మిగిల్చేవాళ్ళని చూస్తే నాకు బాధ. పెల్లెట్ డమరుకంలా ఉంటుంది. ముందు తల, మధ్యలో సన్నటి నడుము, వెనక పల్చటి అంచు. కార్డు ఆటకి తల చదునుగా ఉన్నదే కావాలి, అది కాగితాన్ని గుండ్రంగా, పంచ్ మిషన్‌తో కొట్టినట్టు కోస్తుంది. మొన తేలినది కాగితాన్ని చించుతుంది, తొమ్మిదా పదా తేలదు. రైఫిల్‌కి 0.53 గ్రాముల దగ్గరవి, పిస్టల్‌కి 0.45 గ్రాముల దగ్గరవి వాడతారు. తల కొలత డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని రాసి ఉంటుంది. ఏ గొట్టానికి ఏది నప్పుతుందో ముందే చెప్పలేం. ఒకే కంపెనీ ఒకే మోడల్ రెండు తుపాకులు కూడా వేరే వేరే డబ్బాలు ఇష్టపడతాయి.

టెక్సాస్ మావయ్య బల్ల దగ్గర చేసే ఓపిక పని మనం ఇక్కడ చేయొచ్చు. తెల్ల గుడ్డ పరిచి డబ్బా వంచండి. అంచు నొక్కుకుపోయినవి పక్కకి తీయండి. మిగతావి ఒక గాజు పలక మీద ఒక్కొక్కటే మెల్లగా దొర్లించండి. తల, వెనక అంచు కొలతలు వేరు కాబట్టి మంచి పెల్లెట్ సాఫీగా వంపు తిరుగుతూ పోతుంది. వంకరది ఎగుడుదిగుడుగా తడబడుతుంది, కళ్ళకి తెలిసిపోతుంది. తర్వాత కంసాలి వాడే లాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, ఒకే బరువువి ఒక గిన్నెలో వేయండి. మూడు, నాలుగు రకాల చిన్న డబ్బాలు తెచ్చుకుని, ఒక్కో రకానికీ కొత్త కార్డు పెట్టి పదేసి కాల్చండి. రూపాయి బిళ్ళ కింద పది రంధ్రాలూ దాగితే మొదటి ఏడాదికి అది చాలు. కార్డు వెనక పెల్లెట్ పేరు, తల కొలత, తేదీ రాసి దాచండి. గుణుపురం కుర్రాడు ఈ పని మొదలుపెట్టి ఇప్పుడు నోటుపుస్తకం నిండా రాసుకున్నాడు.

పెల్లెట్ సీసం. పంటి కింద పెట్టుకోవడం, అదే చేత్తో మిక్చరు తినడం మాన్పించండి. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. డబ్బా వంటింట్లో ఉండకూడదు.

కొనకూడనివి చెప్పేస్తాను. స్కోపు, అంటే తుపాకి మీద బిగించే దుర్భిణి, వద్దు, పది మీటర్ల పోటీలో ఒప్పుకోరు. సెకనుకి ఇన్ని వందల అడుగులు అని అరిచే ప్రకటనలు వద్దు. పోటీ రైఫిల్ నుంచి అర గ్రాము పెల్లెట్ సెకనుకి 175 మీటర్ల దగ్గర వస్తుంది, అది ఎనిమిది జౌళ్ళ దగ్గరే. ఎక్కువ వేగంతో ఇంట్లో ప్రమాదం పెరుగుతుంది, స్కోరు పెరగదు.

పెల్లెట్ ఎక్కడ ఆగుతుంది అన్నది తుపాకి కొనక ముందే సిద్ధం చేయండి. సిమెంటు గోడకి కార్డు అంటించి కాల్చితే పెల్లెట్ తిరిగి వస్తుంది. వెల్డింగు షాపులో మందపాటి ఇనుప రేకుతో గరాటు ఆకారం పెట్టె చేయించండి, లోపలి పలక కిందకి వాలుగా ఉండాలి. వెనక పాత బొంత వేలాడదీయండి. కాల్చే చోటుకీ కార్డుకీ మధ్యలో ఏ తలుపూ తెరుచుకోకూడదు. కళ్ళజోడు కాల్చేవాళ్ళకే కాదు, పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా కావాలి.

“ఏటి మాస్టారూ, దీంతో పావురాలు పడతాయా?” అని అడిగే పిల్లలుంటారు. పడతాయి. అందుకే ముందే చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం కింద పక్షుల్ని వేటాడటం నేరం. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్ గన్లు ప్రభుత్వానికి అప్పగించే కార్యక్రమమే పెట్టారు, అడవుల్లో పక్షులు తగ్గిపోతున్నాయని. మన కొండల్లో కూడా పిట్టల సందడి తగ్గకూడదు. ఆ మాటకి ఒప్పుకోని పిల్లవాడికి తుపాకి కొనవద్దు.

ఇక ప్రయాణం. పాతపట్నం దాటి శ్రీకాకుళం వైపు వెళ్ళినా, రాయగడ నుంచి విజయనగరం రైలెక్కినా, తుపాకి గట్టి పెట్టెలో, ఖాళీగా, తాళం వేసి ఉండాలి. పెల్లెట్లు వేరే సంచిలో. పెట్టె పైన జేబులో బిల్లు నకలు, గుర్తింపు కార్డు, పోటీకి వెళ్తుంటే ఎంట్రీ కాగితం. చెక్ పోస్టు దగ్గర పెట్టె తెరవమంటే పిల్లవాడి చేత తెరిపించకండి. పెద్దవాళ్ళు ముందు ఇది ఎయిర్ రైఫిల్ అని చెప్పి, కాగితాలు చేతికిచ్చి, వాళ్ళు సరే అన్నాకే తాళం తీయండి.